నాలుగు వందల హుక్కుల గ్రాఫిక్స్ కార్డు

వైట్‌ఫీల్డ్,
3 నవంబరు 2024.

మామా,

నీకూ అత్తకూ నమస్కారం. ఫోను చేస్తే అత్త ఎత్తుతుంది. నేను నాలుగు మాటలు చెబితే నీ చెవి దగ్గర అరిచి చెప్పేది రెండే, ఆ రెండూ నేను తిన్నానా లేదా అన్నదాని గురించే. అందుకే నీకు ఉత్తరమే గతి. ఇన్నేళ్ళూ మరమగ్గాల చప్పుడు మధ్య కూర్చుని చెవులు వాటికి అప్పజెప్పేశావు. చదవడానికి కళ్ళైనా మిగిల్చుకున్నావు, నా అదృష్టం.

అసలు సంగతికి వస్తాను. ఆఫీసులో రాజీనామా ఇచ్చేశాను. ఈ నెలతో సరి. ఇక మీదట వీడియో ఎడిటింగ్ సొంతంగా చేసుకుంటాను. హిందూపురంలో అమ్మకి ఇంకా చెప్పలేదు, నువ్వే మెల్లగా చెప్పాలి. మొదటి పని అప్పుడే దొరికింది. నాతో పనిచేసే మార్త పెళ్ళి ఈ నెల్లోనే. గుంటూరులో వాళ్ళ అమ్మమ్మ మంచం దిగలేని మనిషి, పెళ్ళికి రావడం కుదరదు. క్రిస్మస్‌కి మార్త అక్కడికి వెళ్ళేసరికి పెళ్ళి సినిమా చేతిలో ఉండాలి. ఇది కుదిరితే ఇంకో నాలుగు పెళ్ళిళ్ళు వస్తాయి. కుదరకపోతే మళ్ళీ పాత ఆఫీసు గుమ్మం ముందు నిలబడాలి.

చిక్కంతా కంప్యూటర్ దగ్గర వచ్చింది. ఇన్నాళ్ళూ వాడింది ఆఫీసుది. నా ల్యాప్‌టాప్‌లో ఈ కాలపు కెమెరా వీడియో పెడితే, పెళ్ళికూతురు తల ఎత్తడం మొదలుపెట్టి పూర్తి చేసేలోగా నేను టీ కాచుకుని రావచ్చు. షోరూముకి వెళితే వాళ్ళు చెప్పిన ధరకు కళ్ళు తిరిగి, ఇచ్చిన మంచినీళ్ళు తాగి వచ్చేశాను. చివరికి ఎస్పీ రోడ్డులో మహబూబ్ బాషా అన్న దొరికాడు. కదిరి మనిషి. విడి సామాను తెచ్చి కంప్యూటర్ బిగించి ఇస్తాడు. "సూడమ్మా, పై మెరుపులకి దుడ్డు తగలెయ్యొద్దు. ప్రాసెసర్ మంచిది తీస్కో. ర్యామ్ దండిగా ఏస్కో. డిస్కు బిరబిరా పరిగెత్తేది ఉండాల. తెర మాత్రం రంగులు ఉన్నదున్నట్టు సూపించాల. రంగురంగుల లైట్లు ఎలిగే డబ్బా నాకొద్దు అను, సగం బరువు తగ్గిపోతాది" అన్నాడు. ఆయన చెప్పినట్టే అన్నాను. అన్నీ కుదిరాయి.

ఇక మిగిలింది గ్రాఫిక్స్ కార్డు. ఆ ఒక్క కార్డు దగ్గర నా శక్తి అయిపోయింది. అది లేకపోయినా మిషన్ నడుస్తుందట కానీ రంగులు దిద్దేటప్పుడు మొరాయిస్తుందట. ఏదో ఊరికే రాస్తున్నాను, నువ్వు దీనికోసం మనసు పాడుచేసుకోకు.

బొమ్మ అనే మాట వింటే నాకు ఇప్పటికీ మీ ఇంట్లో నీ కార్డుల గదే గుర్తొస్తుంది. డిగ్రీ చదివిన మూడేళ్ళూ నీ పక్కన కూర్చుని చూశాను కదా. అట్ట పట్టీల మీద నువ్వు చిల్లులు కొడితే, ఏ చిల్లు ఏ దారాన్ని లేపుతుందో, ఆ కార్డుల వరుస జకార్డు మగ్గం ఎక్కగానే చీర మీద నెమలి ఎట్లా దిగుతుందో నాకు ఎన్నడూ అంతుపట్టలేదు. నీ గ్రాఫు పేపరు మీద గళ్ళు నింపి పిచ్చుకను గీశానని తిట్టావు, గుర్తుందా? ఎవరిదో పెళ్ళి చీర డిజైను పాడైపోయిందని అత్త కూడా నీకే వంత పాడింది. ఆ తిట్లు తిని, ఆ రాగిముద్దా బస్సారు పులుసూ తినే ఇంతదాన్నయ్యాను.

నీ కోడలు,
రంజిత

*

దొడ్డబళ్ళాపురం,
9 నవంబరు 2024.

కోడలు రంజితకు మామ, అత్త దీవెనలు. తనవి నావాటికన్నా ఒక పిడికెడు ఎక్కువని రాయమంది మీ అత్త సొన్నమ్మ. రాశాను.

ఉద్యోగం వదిలావని తిడతాననుకుని భయపడుతూ రాసినట్టుంది. ఎందుకు తిడతాను? నేనూ మీ నాయన చెప్పిన కిరాణా కొట్టు వదిలేసి మగ్గాల ఊరికి వచ్చినవాణ్ణే. మీ అమ్మకు నేను చెబుతాను. ముందు ఏడుస్తుంది, తర్వాత వక్కాకు వేసుకుంటుంది, అప్పుడు మాట వింటుంది. అక్క పద్ధతి నాకు తెలుసు.

ఇక కార్డు సంగతి. ఊరికే రాస్తున్నానని రాయడానికి నీకు సిగ్గు లేదా? మూడేళ్ళు నా ఇంట్లో ఉండి, కార్డు కావాలని అడగడానికి ఇంత మొహమాటమా! అడగందే అమ్మయినా పెట్టదంటారు, నేను అమ్మ తమ్ముణ్ణి, అడగకపోయినా పెడతాను. ఆ కార్డు నాకు వదిలెయ్. బయట ఒక్కచోట కూడా కొనొద్దు, కొన్నావంటే నా గడప తొక్కొద్దు. వచ్చే వారం చిక్కపేటకు పోయే పని ఉంది, కావలసిన సామాను అక్కడే తెస్తాను. నీ మిషన్‌కు ఎన్ని హుక్కులో అది మాత్రం రాయి.

ఇక్కడ పని పలచబడింది. రామాంజినప్ప తన షెడ్డులో కొత్త మగ్గాలు దించాడు. వాటికి కార్డులే అక్కరలేదట, బొమ్మంతా కంప్యూటర్ నుంచి నేరుగా మగ్గంలోకి పోతుందట. ఆ కంప్యూటర్ దగ్గర నేత్రావతి అని ఒక అమ్మాయి కూర్చుంటుంది. నా గదిలో ఇప్పుడు చప్పుడు తక్కువ. ఇట్లాంటప్పుడు నువ్వు కార్డు అడగడం నాకెంత సంతోషమో రాయలేను.

ఆవులప్ప

*

వైట్‌ఫీల్డ్,
14 నవంబరు 2024.

మామా,

నీ ఉత్తరం చదివి మెట్ల మీదే కూర్చుండిపోయాను. పక్కింటి ఫాతిమా ఏమైందని కంగారు పడింది. ఏమీ కాలేదు, నాకు మామ ఉన్నాడు అని చెప్పాను. "అందరికీ ఉంటారు కదా" అంది. ఉంటారు, కానీ ఇట్లా ఉండరు.

నీ దగ్గర కార్డు పుచ్చుకోవడం తప్పేమో అని ఒక పూట ఆలోచించాను. నా గడప తొక్కొద్దన్నావు కాబట్టి ఆలోచన మానేశాను. నువ్వు చిక్కపేట అనగానే నాకర్థమైంది. ఎస్పీ రోడ్డు పక్క సందే కదా. చీరల షావుకార్లకు తెలిసిన అంగడి ఏదో అక్కడ ఉండి ఉంటుంది.

హుక్కులు అంటే ఆ కార్డును తగిలించే చోటే కదా? నా మిషన్‌లో ఒకటే ఉంది. దాన్ని ఖాళీగా వదిలెయ్యమని బాషా అన్నకు చెప్పాను. కార్డు బెడద తీరింది కదా అని ఇంకాస్త మంచి తెర తీసుకున్నాను. ఇక నా చేతిలో ఏమీ మిగల్లేదు. నీ కార్డు వచ్చి కూర్చోవడమే తరువాయి.

అత్తకు చెప్పు, ఈ రోజు కూడా తిన్నాను.

రంజిత

*

దొడ్డబళ్ళాపురం,
25 నవంబరు 2024.

రంజితా,

ఈ ఉత్తరం, గోతంలో కట్టిన నీ కార్డూ నూలు టెంపో మస్తాన్ చేతికి ఇచ్చి పంపుతున్నాను. తడవకుండా తీసుకురమ్మని మూడు ఒట్లు వేయించుకున్నాను. గోతంలోనే అత్త అనపకాయలు కూడా వేసింది, కిందివైపు ఉంటాయి.

చిక్కపేటలో మేలురకం అట్ట దొరికింది. గ్రాఫు నేనే గీశాను, కార్డు నేనే కొట్టాను. నువ్వు గ్రాఫిక్స్ అని రాశావు. గ్రాఫు నాకు తెలుసు, కార్డు నాకు తెలుసు, మధ్యలో ఆ ఇక్స్ ఏమిటో తెలియలేదు. కంపెనీ పేరై ఉంటుందని వదిలేశాను.

ఒకటే హుక్కు అని రాశావేమిటి తల్లీ? ఒక్క దారం లేపితే ఏం పువ్వు పూస్తుంది? తొందరలో రాసి ఉంటావని నాలుగు వందల హుక్కులకు కొట్టాను. తక్కువైతే చిక్కు గానీ ఎక్కువైతే నష్టం లేదు.

కంప్యూటర్‌కు కార్డు ఏమిటని మీ అత్త వాదించింది. దానికేం తెలుసు. వెనకటికి మా షెడ్డు చూడటానికి ఒక పెద్ద ఇంజనీరు వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, "కంప్యూటర్లు పుట్టిన కొత్తలో వాటికీ ఇట్లా చిల్లుల కార్డులే పెట్టేవాళ్ళప్పా, మీ మగ్గం వాటికి తాత" అన్నాడు. ఆ మాట నేను ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు, గొప్పలు పోతున్నానంటారని. ఇప్పుడు నా కోడలే అడిగింది.

డిజైను ఏమిటో చెప్పను. కార్డులు చూస్తే నీకు తెలియదు. మిషన్‌కు ఎక్కించగానే తెర మీద అదే కనబడుతుంది. ఏం కనబడిందో నువ్వే రాయి.

ఆవులప్ప

*

వైట్‌ఫీల్డ్,
1 డిసెంబరు 2024.

మామా,

గోతం భద్రంగా అందింది. మస్తాన్ దాన్ని మూడో అంతస్తుకు మోసుకొచ్చి, "మీ మామ ఒట్లు పెట్టిచ్చినాడక్కా, యాడా దించలే" అని చెమట తుడుచుకున్నాడు. అనపకాయలు ఒలిచి గింజలు నానబెట్టాను. రేపు పితికిపప్పు.

కార్డులన్నీ బయటికి తీసి నేల మీద పరిచాను. గది ఈ చివర నుంచి ఆ చివర దాకా వచ్చాయి. అన్నీ దారంతో ఎంత సమంగా కుట్టావు! ఒక్క చిల్లుకూ అంచు చిరగలేదు. వాటి మధ్య నేను చాలాసేపు కూర్చున్నాను.

బాషా అన్న కంప్యూటర్ బిగించడానికి వచ్చి వీటిని చూశాడు. తర్వాత చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి, ఒక కార్డును రెండు చేతులతో పట్టుకుని చూసి, "అమ్మా, ఇసుమంటి కార్డు మా ఈదిలో ఏ అంగట్లోనూ లేదు" అన్నాడు. ఆ మాట నిజం మామా.

పెట్టె చిన్నది, కార్డులు లోపల పట్టలేదు. అందుకని కిటికీకి వేలాడదీసుకున్నాను. పొద్దున్నే ఎండ వాటిలోంచి గోడ మీద పడుతోంది. పని మొదలుపెట్టాను. పెళ్ళి వీడియోలు చాలా బరువుగా ఉన్నాయి. వాటికి తేలికపాటి నకళ్ళు చేసుకుని, ఆ నకళ్ళ మీద కోతలన్నీ కోసి, చివర్లో అసలువి పెట్టుకునే పద్ధతి ఒకటి బాషా అన్న చూపించాడు. నిదానంగానే అయినా సాగుతోంది.

నువ్వు నాకోసం వంగి కూర్చుని ఇన్ని చిల్లులు కొట్టావు. నీ నడుము ఎట్లా ఉంది?

రంజిత

*

దొడ్డబళ్ళాపురం,
7 డిసెంబరు 2024.

రంజితా,

నీ ఉత్తరం మీ అత్తకు రెండుసార్లు చదివి వినిపించాను. ఎస్పీ రోడ్డు వీధిలోనే లేదన్నాడా ఆ బాషా! ఆ ముక్క మూడోసారి కూడా చదివాను. నడుముకు ఏం, నిక్షేపంలా ఉంది.

పెట్టె చిన్నదైతే వేలాడదీయడమే సరైన పద్ధతి. మగ్గానికి కూడా బయటే వేలాడుతాయి కదా. నువ్వు నా గదిలో ఊరికే కూర్చోలేదు.

ఇంకొక మంచి కబురు. మొన్న రామాంజినప్ప నన్ను పిలిచాడు. "ఆవులప్పా, కొత్త మగ్గాలకి బొమ్మలెయ్యాల. ఆ పాప నేత్రావతికి కంప్యూటర్ తెలుసు గానీ దారం నడక తెలీదు. నువ్వు పక్కన కూసుంటే ఆ పాప నేర్పిస్తాది, నువ్వు పాపకి నేర్పియ్యి. కొత్త సంవత్సరం లోపల ఏ మాటో చెప్పు, లేకుంటే సేలం నుంచి మనిషిని తెచ్చుకుంటా" అన్నాడు. మంచి మనిషే. నెల నెలా జీతం ఇస్తానన్నాడు. నెల రోజుల కిందట అడిగి ఉంటే పరిగెత్తి పోయేవాణ్ణి. ఇప్పుడు నాకేం అవసరం? వీడియోలు చేసేవాళ్ళు బెంగళూరులో నువ్వొక్కదానివేనా? నీ స్నేహితులందరికీ కార్డులు కావాలి కదా. చిక్కపేటకు పోయి అట్ట ఇంకా తెచ్చి పెట్టుకున్నాను. రెండు పడవల మీద కాళ్ళు పెట్టడం నాకు రాదు, వచ్చే శనివారం పోయి వద్దని చెప్పి వస్తాను.

అన్నీ రాశావు గానీ అసలుది రాయలేదు. తెర మీద ఏం కనబడింది?

ఆవులప్ప

*

వైట్‌ఫీల్డ్,
11 డిసెంబరు 2024.

మామా,

ఈ ఉత్తరం పోస్టులో వేయకుండా మస్తాన్‌ను వెతికి పట్టుకుని ఇస్తున్నాను. శనివారం లోపల నీ చేతిలో పెట్టమని ఈసారి ఒట్లు నేను వేయించుకున్నాను. ముందు ఇది చదువు, తర్వాత నన్ను ఎంతైనా తిట్టు. రామాంజినప్ప దగ్గరకు పోయి వద్దని చెప్పొద్దు.

తెర మీద ఏం కనబడిందో నాకు తెలియదు మామా. ఏమీ కనబడలేదు. నేను అడిగిన కార్డు వేరు. అది అరచేతి కన్నా కొంచెం పెద్దగా ఉండే ఒక బిళ్ళ, దానికి చిన్న ఫ్యాను ఉంటుంది, పెట్టె లోపల ఒక సందులో దూరుస్తారు. గ్రాఫిక్స్ అంటే బొమ్మల పని. తెర మీద ఏ చుక్క ఏ రంగులో వెలగాలో అది లెక్క కడుతుంది. నేను సరిగ్గా రాయలేదు, నువ్వు ఎన్ని హుక్కులని అడిగినప్పుడైనా నాకు తట్టాల్సింది. మూడేళ్ళు ఆ గదిలో ఉన్న మనిషిని. ఎస్పీ రోడ్డు అని నాకు నేనే ఊహించుకుని సంబరపడ్డాను.

గోతం విప్పిన రోజు నవ్వు రాలేదు, ఏడుపే వచ్చింది. కార్డు లేదని కాదు. నేను ఒక్క మాట అంటే నువ్వు గ్రాఫు గీసి, అట్ట తెచ్చి, ఇన్ని చిల్లులు కొట్టావని. నిజం రాస్తే నువ్వు ఎక్కడ చిన్నబోతావోనని అబద్ధం కాని మాటలు ఏరి ఏరి రాశాను. అప్పుడే నిజం రాసి ఉంటే బాగుండేది, నువ్వు అట్ట కొనకుండా ఉండేవాడివి.

నువ్వు అనుకున్నది మరీ అంత తప్పు కాదు మామా. నీ కార్డు ఏ దారం లేవాలో చెబుతుంది, ఆ కార్డు ఏ చుక్క వెలగాలో చెబుతుంది. ఆ ఇంజనీరు అన్నది కూడా నిజమే. కానీ ఆ కాలం దాటిపోయింది. ఇప్పుడు చిల్లుల కార్డులు ఈ బెంగళూరులో నేను తప్ప ఎవరూ అడగరు, నేను కూడా పొరబాటునే అడిగాను.

నువ్వు ఆ నేత్రావతి పక్కన కూర్చోవాలి. దారం నడక తెలిసిన మనిషికి కంప్యూటర్ తెలియడం ఎంతసేపు? నాకు నీ ఇంట్లో మూడేళ్ళు చోటిచ్చావు, ఇప్పుడు ఆ అమ్మాయి ఒక కుర్చీ ఇస్తానంటే వద్దనకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ రంజిత

*

వైట్‌ఫీల్డ్,
22 డిసెంబరు 2024.

మామా,

జవాబు లేదు. మస్తాన్‌ను అడిగితే, "ఇచ్చినాను, సదివినాడు, సదివి లోపలికి ఎల్లిపోయినాడు" అన్నాడు. అత్తకు ఫోను చేస్తే, "ఆయప్పకి బాగలేదేం లేదు, కార్డుల రూముకి బీగం ఏసినాడు, మాట్లాడడు. నువ్వు తిన్నావా?" అంది. తినలేదు అత్తా అన్నాను. ఇన్నాళ్ళకు మొదటిసారి అట్లా చెప్పాను.

నీకు ఒక సంగతి చెప్పాలి, తర్వాత నువ్వు మాట్లాడకపోయినా పరవాలేదు. మార్త సినిమా పూర్తయింది. మొదటి బొమ్మ ఏది పెట్టాలో నాకు తోచలేదు. చర్చి గంట, ఉంగరాలు, పూలు అందరూ పెట్టేవే. ఒక పొద్దున నీ కార్డుల్లోంచి ఎండ వచ్చి గోడంతా చుక్కలు చుక్కలుగా పరుచుకుంది. గాలికి కార్డులు కదిలితే చుక్కలన్నీ కదిలాయి. కెమెరా తీసి అదే పట్టాను. ఆ చుక్కల మీద పెళ్ళికూతురు పేరు, పెళ్ళికొడుకు కౌశల్ పేరు వేశాను. రంగులు దిద్దేటప్పుడు మిషన్ మొరాయించింది, నేనూ మొండికేశాను, చివరికి అదే లొంగింది.

నిన్న మార్తకు చూపించాను. మొదటి బొమ్మ దగ్గరే ఆపి, "ఈ వెలుతురు ఎక్కడిది?" అని అడిగింది. మా మామ పంపించాడు అన్నాను. వాళ్ళ ఆడపడుచు పెళ్ళి కూడా నాకే ఇచ్చింది, అందులోనూ ఆ వెలుతురే కావాలంది.

నీ కార్డు పని చేసింది మామా. పెట్టెలో కాదు, కిటికీలో. మాట్లాడు.

రంజిత

*

దొడ్డబళ్ళాపురం,
29 డిసెంబరు 2024.

రంజితా,

మీ అత్త నా ముందు కంచం పెట్టకుండా కాగితం పెట్టింది. "ఆ బిడ్డ తిననంటా ఉండాది, నీకెందుకు కూడు" అంది. అందుకని రాస్తున్నాను. ముందు నువ్వు తిను.

నిజమే, చిన్నబోయాను. నీ మీద కోపం కాదు. వీధిలో కృష్ణప్పతో, పాల చెన్నమ్మతో, ఆఖరికి బస్సులో పక్క సీటు మనిషితో కూడా కంప్యూటర్‌కు కార్డు కొట్టానని చెప్పుకున్నాను. ఇప్పుడు వాళ్ళ ముఖం ఎట్లా చూడాలి? గదికి తాళం వేస్తే ఆ మాటలు లోపలే ఉంటాయనుకున్నాను. మీ అత్త ఊరుకుంటుందా? "ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమనే మొగుడు దొరికినాడు నాకు" అని వీధి అరుగు మీద కూర్చుని తనే అందరికీ చెప్పింది. అందరూ నవ్వారు. నవ్వి, తర్వాత కృష్ణప్ప టీ పోయించాడు. అంతటితో సరిపోయింది. పదిహేను రోజులు తాళం వేసినా తీరని పని అది ఒక పూటలో తీర్చేసింది. దానికీ దండం పెట్టాలి.

రామాంజినప్ప దగ్గరకు ఆ శనివారం పోలేదు. నీ ఉత్తరం వచ్చింది కదా. నిన్న పోయాను. వస్తానని చెప్పాను. వెంటనే కూర్చోబెట్టారు. ఆ కంప్యూటర్ పెట్టె వైపు చూసి నాకు ఒకటే ప్రశ్న తోచింది. "దీనికి గ్రాఫిక్స్ కార్డు ఉండాదామ్మా?" అని అడిగాను. నేత్రావతి కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఉండాది పెద్దాయనా, మీకెట్లా తెలుసు?" అంది. నా కోడలిది అదే పని అని చెప్పాను. ఎన్ని హుక్కులని మాత్రం అడగలేదు.

గోడ మీద వెలుతురు సంగతి చదివి మీ అత్త కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదని రాయమంది. నేను అబద్ధం రాయను, తుడుచుకున్నాను.

ఆవులప్ప

*

వైట్‌ఫీల్డ్,
5 జనవరి 2025.

మామా,

తిన్నాను. రెండు పూటలది ఒక్కసారే తిన్నాను, అత్తకు చెప్పు.

గుంటూరు నుంచి మార్త ఫోను చేసింది. అమ్మమ్మ సినిమా అంతా చూసి, మొదట్లో వచ్చే చుక్కలు మళ్ళీ పెట్టమందట. ఎందుకని అడిగితే, చిన్నప్పుడు తాటాకు పందిట్లో పడుకుంటే ఎండ అట్లాగే పడేదని చెప్పిందట. నీకు ఆమె దీవెనలు పంపింది. పేరు తెలియదు కాబట్టి కార్డులాయనకు అని చెప్పమందట.

అమ్మ హిందూపురం నుంచి వచ్చి వెళ్ళింది. నువ్వు చెప్పినట్టే ఏడ్చింది, వక్కాకు వేసుకుంది, కిటికీలో కార్డులు చూసి, "మా తమ్ముడు పిచ్చోడు" అంది. అంటూనే వాటి దుమ్ము తుడిచింది.

అసలు కార్డు ఆడపడుచు పెళ్ళి అయ్యాక నేనే కొనుక్కుంటాను. నీ కార్డులు మాత్రం కిటికీ దిగవు. వాటిలో ఏముందో ఇప్పటికైనా చెప్పు మామా. ఎండలో ఎంత చూసినా చుక్కలే కనిపిస్తున్నాయి.

రంజిత

*

దొడ్డబళ్ళాపురం,
2 ఫిబ్రవరి 2025.

కోడలు రంజితకు మామ దీవెనలు. ఈసారి నావి, మీ అత్తవి సమానమేనట, నేను జీతం తెచ్చినందుకు.

మస్తాన్ ఇచ్చే పొట్లం జాగ్రత్తగా విప్పు. అందులో నీ జవాబు ఉంది.

పని నేర్చుకుంటున్నాను. మౌస్ అనేది నా మాట వినదు, బల్ల అంచు దాకా పోయి కింద పడుతుంది. నేత్రావతి ఓపిక గల పిల్ల. తెర మీద కూడా గళ్ళే మామూలుగా, మన గ్రాఫు పేపరు లాగే. గడి నింపితే దారం లేస్తుంది, వదిలేస్తే లేవదు. ఇంతేనా అన్నాను. ఇంతే పెద్దాయనా అంది. బదులుగా ఆ పిల్లకు నేను దారం ఎక్కడ తెగుతుందో, అంచు దగ్గర ఎందుకు బిగుసుకుంటుందో చెబుతున్నాను.

మొదట ఏ బొమ్మ ఎక్కిస్తారని ఆ అమ్మాయి అడిగింది. నాకు వేరే ఆలోచన రాలేదు. ఇంట్లో నీకోసం గీసిన గ్రాఫు ఉంది కదా, అదే తెచ్చి గడి గడి చూసుకుంటూ ఎక్కించాను. మధ్యాహ్నానికి మగ్గం మీద దిగింది. రామాంజినప్ప వచ్చి చూసి, "ఏం పిట్టప్పా ఇది, తోక ఇంత పొడుగు, కాలు ఒక్కటే ఉండాది" అన్నాడు. నేనేం చెయ్యను, నువ్వు గీసింది అట్లాగే గీశావు. నేను తిట్టిన రోజే ఆ పేపరు మడిచి పెట్టుకున్నాను. నీ కార్డు కోసం దాన్నే ఉన్నదున్నట్టు గ్రాఫులోకి దించాను, ఒక్క గడి కూడా దిద్దలేదు.

ఆ పిచ్చుకల గుడ్డే నీకు పంపుతున్నాను. నీ కంప్యూటర్ మీద కప్పుకో. పెట్టె లోపల పట్టలేదని రాశావు కదా తల్లీ. చూశావా, నీకోసం కొట్టిన కార్డు ఎట్లాగో అట్లా కంప్యూటర్ లోపలికి పోయే వచ్చింది.

పని చేసేటప్పుడు ఆ పెట్టె వేడెక్కుతుందని నేత్రావతి చెప్పింది. అప్పుడు పిచ్చుకలను తీసి పక్కన పెట్టు, ఆపినాక మళ్ళీ కప్పు.

ఆవులప్ప